మీ డ్యూటీ చార్టు తీసి ఒకసారి చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హనుమకొండలో నలభై గదుల హోటల్‌కు మేనేజరుగా చేరి ఆరు నెలలైంది. ఈ మధ్య ఒక శిక్షణ తరగతికి వెళ్తే ‘పైవాడు ఎంత ఆశిస్తే కిందివాడు అంత ఎదుగుతాడు’ అని చెప్పారు. తిరిగొచ్చి సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి ‘మీరు ఫైవ్ స్టార్ హోటల్ వాళ్లకు ఏమాత్రం తీసిపోరు’ అని మాట్లాడారు. పది రోజులకు అంతా మామూలే. ఓనరు గారేమో ‘వీళ్లతో కాదని ముందే చెప్పానుగా’ అంటున్నారు. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక రూమ్ బాయ్ గెస్టు ముందు తలెత్తి మాట్లాడడు. ఇంతకూ ఆ శిక్షణలో చెప్పింది నిజమా, కబుర్లా అని అడిగారు.

నిజమే. కాకపోతే మీకు సగమే చెప్పి పంపించారు. మీరు మాట్లాడిన మర్నాడు డ్యూటీ చార్టులో ఒక్క పేరైనా అటూ ఇటూ మారిందా? మారి ఉండదు. సిబ్బందికి మీ ఉపన్యాసం గుర్తుండదు, చార్టు గుర్తుంటుంది. ఎవరిని ఎక్కడ వేశారు, ఎవరిని ఎక్కడ ఎప్పుడూ వేయరు అన్నదాన్ని బట్టి తమ గురించి మీరేమనుకుంటున్నారో వాళ్లు ఏనాడో తేల్చుకున్నారు.

ఇరవై ఎనిమిదేళ్లు ఈ పనిలో ఉన్నాను. మొదలుపెట్టింది కాజీపేట స్టేషను దగ్గరి ఒక లాడ్జిలో. పదో తరగతి తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక చేరాను. అక్కడ మేము రెండు జాతులం: కౌంటరు పిల్లలు, బకెట్టు పిల్లలు. చేరిన రోజే మేనేజరు చూపు మా మీద ఒకసారి తిరిగేది, అంతే, జాతి ఖాయమైపోయేది. నాది బకెట్టు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. దసరాకు బట్టలు కొనిపెట్టేవారు, జ్వరం వస్తే మాత్రలు తెప్పించేవారు. రిజిస్టరు మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. రెండేళ్లకు నాకూ దాన్ని ముట్టుకోవాలనే ఆలోచన పోయింది.

ఆయన మానేసి వెళ్లాక కొత్త మేనేజరు వచ్చారు. వచ్చిన రోజు సాయంత్రం నేను కౌంటరు పక్కన మంచినీళ్ల కుండ నింపుతున్నాను. రైలు దిగి ఒక కుటుంబం లోపలికి వచ్చింది. ఆయన నన్ను చూసి, నేను కౌంటరు మనిషినే అనుకుని, ‘వాళ్ల వివరాలు రాయి బాబూ’ అన్నారు. చేతులు వణుకుతూ రాశాను. ఊరి పేరు తప్పు రాశాను, వచ్చిన సమయం రాయడం మరిచిపోయాను. కౌంటరులో ఉండేవాడికి ఇది రాకపోతే ఎలా అనుకున్నారేమో, వాళ్లు గదికి వెళ్లాక పక్కన కూర్చోబెట్టుకుని ఏ గడిలో ఏమి రాయాలో, ఎందుకు రాయాలో చెప్పారు. అలా వారం గడిచింది. ఎనిమిదో రోజున ఎవరో ‘సార్, వాడు బకెట్టు వాడు’ అని చెవిన వేశారు. ఆయన నవ్వి ‘సరే, ఆ బకెట్టు ఇంకెవరికైనా ఇవ్వండి’ అన్నారు.

ఆ వారంలో నాకు కొత్తగా తెలివి పుట్టుకురాలేదు. ఆయన నన్ను చూసి పొరపాటు పడ్డారు, ఆ పొరపాటుకు తగినట్టు నాకు పని నేర్పారు.

సరిగ్గా ఇలాంటి పొరపాటును కావాలని చేయించి చూసినవాళ్లున్నారు. అమెరికాలో రాబర్ట్ రోసెంథాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లెనోర్ జాకబ్సన్ అనే ప్రధానోపాధ్యాయురాలు కలిసి కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పరీక్ష పెట్టారు. ‘ఈ ఏడాది బాగా పైకి వచ్చేది వీళ్లే’ అంటూ టీచర్లకు కొన్ని పేర్లు ఇచ్చారు. నిజానికి ఆ పేర్లకు పరీక్షలో వచ్చిన మార్కులతో సంబంధం లేదు, లాటరీ తీసినట్టు ఎంచినవి. ఏడాది తిరిగేసరికి, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో, ఆ పేర్లున్న పిల్లలు మిగతావాళ్లకంటే ఎక్కువ ఎదిగారు. 1968లో ఈ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. వాటి మీద పెద్ద వివాదమే నడిచింది, పై తరగతుల్లో ఆ తేడా అంతగా కనబడలేదు కూడా. అందుకే దీన్ని మంత్రంలా చెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

పెద్దవాళ్ల మీద చేసిన వాటిలో 1982 నాటి ఇజ్రాయెల్ సైన్యం ప్రయోగం గట్టిది. డోవ్ ఈడెన్, ఆయన సహచరుడు కలిసి 105 మంది శిక్షణార్థులను తీసుకున్నారు. వాళ్లలో కొందరిని ‘సత్తా ఉన్నవాళ్లు’ అని శిక్షకులకు చెప్పారు. ఇక్కడా ఆ ఎంపికకు ఆధారమేమీ లేదు. చివరి పరీక్షల్లో ఆ కొందరే ముందున్నారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. తమ శిక్షకుడు మంచి నాయకుడని ఎక్కువగా చెప్పింది కూడా ఆ ‘సత్తా ఉన్నవాళ్లే’. అదే శిక్షకుడు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా కనబడ్డాడు.

తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్క కట్టినప్పుడు తేలిందేమిటంటే, సైన్యంలో ఈ ప్రభావం ఎక్కువ, మామూలు సంస్థల్లో తక్కువ, ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. ఇవన్నీ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీ హౌస్ కీపింగ్‌లో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లే. కానీ మీకు పనికొచ్చేది మరొకటి ఉంది. ఎవరి మీద అంతకుముందు ఎవరికీ ఆశ లేదో, వాళ్లలోనే మార్పు బాగా కనిపించింది. అంటే మీ దగ్గర వడ్డించేవాళ్లలో నంబర్ వన్ స్టీవార్డును ఇంకా పొగడటం వల్ల ఒరిగేదేమీ లేదు.

పైవాడి అంచనా కిందివాడికి నాలుగు దారుల్లో చేరుతుందని రోసెంథాలే చెప్పారు: పలకరించే తీరు, నేర్పే పాళ్లు, ఇచ్చే అవకాశం, చేసిన పని మీద చెప్పే మాట. శిక్షణల్లో మొదటిదాని గురించే గంటలు గంటలు చెబుతారు. చిరునవ్వు నవ్వండి, పేరు పెట్టి పిలవండి అని. మంచిదే, కాదనను. కానీ నా మొదటి మేనేజరు కూడా నవ్వుతూనే పలకరించేవారు. హోటల్‌లో అసలు తేడా రెండో దారి, మూడో దారి దగ్గర పడుతుంది.

ఎందుకో చెబుతాను. చీర నేసేచోట తప్పు జరిగితే చీర దుకాణానికి చేరేలోగా ఎవరో ఒకరు పట్టుకుంటారు. మన దగ్గర సరుకు తయారయ్యేదీ, గెస్టు చేతికి చేరేదీ ఒకే క్షణంలో. అప్పుడు మీరు అక్కడ ఉండరు. పెళ్లికి వచ్చిన కుటుంబం, తెల్లవారుజామున ముహూర్తం, నాలుగున్నరకు గీజరు పనిచేయడం లేదు. కారిడార్‌లో ఉన్నది రూమ్ బాయ్ ఒక్కడే. ‘ఏదైనా నన్ను అడిగే చెయ్యి’ అని మీరు నేర్పి ఉంటే నిద్రలో ఉన్న మీకు ఫోన్ చేస్తాడు, మీరు ఎత్తేసరికి గెస్టు గొంతు రెండంతస్తులకు వినబడుతుంది. ‘ఎదురుగా ఉన్న ఖాళీ గది తాళం తీసి అక్కడ స్నానం చేయించు, పొద్దున నాకు చెప్పు’ అని ముందే చెప్పి ఉంటే గొడవే లేదు. అదే రూమ్ బాయ్, అదే జీతం.

రిట్జ్ కార్ల్‌టన్ అనే ఖరీదైన అంతర్జాతీయ సంస్థ హోటళ్లలో ప్రతి ఉద్యోగికీ ఒక గెస్టు సమస్య తీర్చడానికి 2,000 డాలర్ల దాకా పై అధికారిని అడగకుండా ఖర్చు పెట్టే అధికారం ఉందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. మనకు అంత స్తోమత ఎక్కడిది? నేను రాత్రి షిఫ్టు వాళ్లకు 300 రూపాయలు ఇచ్చాను. ఆటో పంపడమో, మెడికల్ షాపుకు వెళ్లడమో, ఆలస్యమైన టిఫిన్ బిల్లు కొట్టేయడమో, ఏదైనా సరే, మర్నాడు ఒక్క వాక్యం రాస్తే చాలు. అప్పటి మా ఓనరు గారు ‘జేబులో వేసుకుంటారు’ అన్నారు. మూడు నెలల్లో ఆ డబ్బు ముట్టుకున్నది నాలుగైదుసార్లే. డబ్బు ఖర్చు కాలేదు గానీ, ఆ మూడు వందలు తమ చేతిలో ఉన్నాయన్న ధైర్యం మాత్రం ప్రతి రాత్రీ పనిచేసింది.

ఇక తక్కువ అంచనా గురించి. అది తిట్ల రూపంలో వస్తే పసిగట్టడం తేలిక. జాలి రూపంలో వస్తేనే కష్టం. మా హౌస్ కీపింగ్‌లో ధర్మసాగర్ వైపు నుంచి వచ్చే ఒక అక్క ఉండేది. చదువు లేదు. సూపర్‌వైజరు మంచివాడు, ‘పాపం అక్కకు తెలియదులే’ అని ఆమె గదుల్లో కుళాయి మీది నీటి మరకలు, అద్దం మీది గీతలు తనే తుడిచేసేవాడు. ఆమెకు వెనక వరస గదులే వేసేవాడు. నాలుగేళ్లు అలా సాగింది. మరకలు కూడా లెక్కలోకి వస్తాయని ఆ నాలుగేళ్లలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నాకు సంగతి తెలిశాక సూపర్‌వైజరును తుడవవద్దన్నాను. ‘అక్కా, ఇటు రా, వెలుతురులో ఇక్కడి నుంచి చూడు’ అని చూపించమన్నాను. చూసి ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. ‘ఇన్నాళ్లూ నా వెనక మీరు తుడుస్తున్నారా సార్?’ అంది. కోపంగానే అంది. చెక్‌లిస్టు బదులు బొమ్మలు గీసిన కాగితం ఇచ్చాం. నెల తిరక్కుండానే వీఐపీ గదులు ఆమెకు వేశాం.

కథ అక్కడితో ఆగలేదు. బతుకమ్మ పండగకు హౌస్ కీపింగ్ సెలవులు ఇవ్వడం నాకు ఏటా తలనొప్పి. సద్దుల రోజు అందరికీ సెలవు కావాలి, హోటల్ మాత్రం నిండి ఉంటుంది. విసుగెత్తి ఒక ఏడాది ఆ అక్కనే కూర్చోబెట్టి ‘నువ్వే చెప్పు, రాసుకుంటాను’ అన్నాను. కొన్ని ఊళ్లలో ఏడో రోజే సద్దులు చేస్తారు, కొన్ని చోట్ల తొమ్మిదో రోజు. ఎవరి పుట్టిల్లు ఎక్కడ, అత్తిల్లు ఎక్కడ, ఎవరింట్లో మైల ఉండి ఈసారి ఆడరు, ఎవరికి తంగేడు పువ్వు కోసుకురావడానికి ముందురోజు సగం పూట చాలు, అంతా ఆమె నోట్లోనే ఉంది. ఇరవై నిమిషాల్లో చార్టు తయారైంది. ఆ పండగకు ఒక్కరూ చెప్పకుండా మానలేదు. అన్నేళ్లుగా ఆ లెక్క మా హోటల్లోనే ఉంది, మేము వెనక వరసలో పెట్టాం.

నేను చెడగొట్టింది కూడా చెప్పాలి. మేడారం జాతర ముందు రెస్టారెంటులో స్టీవార్డులను నడిపించే కెప్టెన్ లేక, చురుకైన ఒక స్టీవార్డును రాత్రికి రాత్రి కెప్టెన్ చేశాను. ‘నీ మీద నమ్మకముంది’ అని భుజం తట్టాను. కిచెన్‌తో ఎలా మాట్లాడాలో, ఆర్డర్లు వరసగా ఎలా పంపాలో చెప్పలేదు. జాతర రద్దీలో ఒక మధ్యాహ్నం కిచెన్‌లో అరుపులు, బయట గెస్టుల అరుపులు. నేనూ అందరి ముందే అతని మీద అరిచాను. జీతం కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆశ పెట్టుకుని నేర్పకపోవడం, ఈత రానివాణ్ణి చెరువులోకి తోసి ‘నువ్వు ఈదగలవు’ అనడం లాంటిదే.

సరంజామా సంగతి కూడా అంతే. నలభై గదులకు దుప్పట్లు, తువ్వాళ్లు కనీసం మూడు జతలు తిరుగుతూ ఉండాలి: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. ఒకటిన్నర జతతో నడుపుతూ పన్నెండుకు ఖాళీ అయిన గది ఒంటిగంటకు సిద్ధం కావాలంటే అది అన్యాయం. సిబ్బందికి అది అన్యాయమని తెలుసు, పైకి అనరు. అందుకే మీరు ఏది ఆశించినా వాళ్లకు అది చేరుకోదగినదిగా కనబడాలి. స్టెర్లింగ్ లివింగ్‌స్టన్ అనే మేనేజ్‌మెంట్ ఆచార్యుడు 1969లోనే ఇది హెచ్చరించారు: అందని లక్ష్యమని తెలిశాక మనిషి ప్రయత్నించడమే మానేస్తాడని. కొత్తగా చేరినవాడి మొదటి ఏడాదే, మొదటి పైఅధికారే అతని దారిని ఎక్కువగా నిర్ణయిస్తారని కూడా ఆయనే చెప్పారు. మన రంగంలో మనుషులు నిలవరు కాబట్టి నేను దాన్ని మొదటి వారం అని చదువుకుంటాను.

ఆయన రాసిన ఉదంతాల్లో ఒకటి మీకోసమే అన్నట్టుంటుంది. అమెరికాలో ఒక జీవిత బీమా కార్యాలయంలో 1961లో ఏజెంట్లను మూడు బృందాలు చేశారు: గొప్పవాళ్లు గొప్ప అసిస్టెంట్ మేనేజరు కింద, మామూలువాళ్లు మామూలు అసిస్టెంట్ మేనేజరు కింద, బలహీనులు బలహీన అసిస్టెంట్ మేనేజరు కింద. గొప్ప బృందం ఇంకా పుంజుకుంది, బలహీన బృందం ఇంకా పడిపోయింది. ఊహించిందే. మధ్య బృందం మాత్రం అనుకున్నట్టు నడుచుకోలేదు. తాను గానీ తన ఏజెంట్లు గానీ ఆ మొదటి బృందానికి తీసిపోతామని ఆ అసిస్టెంట్ మేనేజరు ఒప్పుకోలేదు, ఏజెంట్లకూ రోజూ అదే చెప్పేవారు. శాతాల్లో చూస్తే మొదటి బృందంకంటే ఎక్కువగా పెరిగింది వాళ్లే. ఓనరుకూ సిబ్బందికీ మధ్య మీరున్న కుర్చీ అదే. ఓనరు గారి అంచనా మీ దగ్గర ఆగుతుందా, మీ ద్వారా కిందికి కారుతుందా అన్నది మీ చేతిలో ఉంది.

ఓనరు గారితో వాదించకండి. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో సీసీ కెమెరా చూస్తూ ‘వాడు కుర్చీలో కూర్చున్నాడేమిటి’ అని ఫోన్ చేసే ఓనర్లు నాకూ తగిలారు. వాదనతో ఒక్కరూ మారలేదు. ఒక్క షిఫ్టు, ఒక్క నెల ఇమ్మని అడగండి. ‘పెద్ద ఊళ్ల పిల్లలైతే వేరు’ అని అంటే ముంబై తాజ్ సంగతి చెప్పండి. 2008 నవంబరు దాడిలో ప్రాణాలకు తెగించి గెస్టులను కాపాడిన ఆ సిబ్బంది మీద హార్వర్డ్ వాళ్లు ఆరా తీస్తే, ఆ సంస్థ కింది స్థాయి ఉద్యోగులను పెద్ద నగరాలకంటే చిన్న ఊళ్లలోనే ఎక్కువగా వెతుకుతుందని తేలింది. మన జనగామ, పరకాల, నర్సంపేట లాంటి ఊళ్లన్నమాట.

ఇప్పుడు పని. గత నెల డ్యూటీ చార్టు తీసుకుని ఎర్ర పెన్నుతో కూర్చోండి. ఎవరికి వరసగా నైట్ షిఫ్టులే పడ్డాయి, ఎవరు ఒక్క పూట కూడా కౌంటరు దగ్గరికి రాలేదు, ఫిర్యాదు చేసే గెస్టు దగ్గరికి ఎప్పుడూ ఎవరినే పంపుతున్నారు, గుర్తు పెట్టండి. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కిచెన్ కుర్రాళ్లను ‘భాష రాదు’ అని ఒక మూలకు నెట్టారేమో చూడండి. చాలామంది ఆరు నెలల్లో మనకంటే బాగా తెలుగు అర్థం చేసుకుంటారు, అడిగేవాళ్లే ఉండరు.

తర్వాత, అట్టడుగున మీరు ఆశ వదులుకున్న ఆరేడుగురి పేర్లు చీటీల మీద రాసి రెండు తీయండి. మీరు ఎంచుకోవద్దు. ఎంచుకుంటే మళ్లీ మీ కళ్లే ఎంచుతాయి, ఆ కళ్లతోనే కదా ఇంతదాకా వచ్చింది. చీటీ అని ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ ఇద్దరికీ ఒక కొత్త పని, రోజుకు పావుగంట మీ సమయం ఇవ్వండి. తప్పు జరిగితే గెస్టుకు తగలకముందే పట్టుకోగలిగే పని ఎంచండి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, విదేశీ గెస్టులు మీ దగ్గరా దిగుతూనే ఉంటారు. వాళ్లు వచ్చిన 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. మా బెల్ బాయ్ ఒకడికి అది నేర్పాను. పాస్‌పోర్టు చూసి రాత్రి వివరాలు నింపి ఉంచేవాడు, పొద్దున నేను సరిచూసి పంపేవాణ్ణి. నెలన్నరకు సరిచూడటానికి నాకేమీ మిగల్లేదు.

చేసిన పని మీద చెప్పే మాట గురించి ఒక్క ముక్క. ‘శభాష్’ వద్దు. ‘మూడు వందల రెండో గదిలో దిండు కవరు మూత గోడ వైపు పెట్టావు, అది సరైనది’ అనండి. తప్పు కూడా అలాగే చెప్పండి, వేరుగా పిలిచి.

మీ మహబూబాబాద్ అబ్బాయికి చీటీ అక్కర్లేదు. అతను తల దించుకున్నది సిగ్గుతోనా, ఇంతవరకు ప్రతిసారీ తల ఎత్తగానే ఎవరో ఒకరు మధ్యలో అందుకుని గెస్టుతో మాట్లాడేశారా? నాకు రెండోదే అనిపిస్తోంది. ముందు ఇంటర్‌కం దగ్గర కూర్చోబెట్టండి. ముఖాలు కనబడవు, గొంతులే. వారం తర్వాత, గెస్టుకు గది చూపించే పని అతనికివ్వండి. గీజరు స్విచ్ ఎక్కడ, వైఫై ఎలా, టిఫిన్ ఎన్నింటికి, ఈ మూడే చెప్పమనండి. మీరు పక్కనే నిలబడండి గానీ, అతను ఆగిపోయినా సరే, పది లెక్కపెట్టేదాకా నోరు తెరవవద్దు. కష్టం మీకే.

చార్టు మీద ఎర్ర గీతలు పెట్టాక పేర్లు కొట్టేసి నాకు ఫోటో పంపండి. నైట్ షిఫ్టు గడులు ముందుగా చూస్తాను.